వాల్వుకు కట్టిన ఎర్రదారం

ఫలోదీ,
18 మే 1993

పూజ్యులైన బావగారికి,

లూణారామ్ నమస్కారాలు. అక్కకు కూడా చెప్పండి. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ గనక రాస్తున్నాను గానీ, నేను మాత్రం క్షేమంగా లేను. ఉప్పు మడుల మీద నుంచి వచ్చే వేడిగాలికి కళ్ళు మండిపోతున్నాయి. మధ్యాహ్నం పూట పానా పట్టుకుంటే చెయ్యి కాలుతోంది.

సొంత షాపు పెట్టి నెల తిరక్కుండానే పెద్ద బండి వచ్చింది బావా. సేఠ్ సంపత్‌మల్ గారి తెల్ల కారు. ఈ ఊరి ఉప్పులో సగం ఆయనదే. కోడలికి నెలలు నిండుతున్నాయి, జులై మొదట్లో జోధ్‌పూర్ ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఆ పిల్లకు రక్తపోటు ఉందట, వేడి తగలనివ్వొద్దని డాక్టరు చెప్పాడట. సేఠ్ నా ఎదురుగా నిలబడి, "నూట ముప్పై కిలోమీటర్లు నా కోడల్ని కొలిమిలో కూర్చోబెట్టి తీసుకెళ్ళలేను. ఏసీ బాగుచేస్తావా? చేతకాకపోతే ఇప్పుడే చెప్పు, ఏమీ అనుకోను" అన్నాడు. నేను షాపు బోర్డు చూపించాను. దాని మీద నా పేరు కన్నా పెద్ద అక్షరాలతో "జోధ్‌పూర్ గేవర్‌రామ్ ఉస్తాద్ శిష్యుడు" అని రాయించాను మరి.

పాత కంప్రెసర్ గొంతు పోయి గరగరమంటోంది, మార్చాను. ముందున్న కండెన్సర్ ఉప్పుగాలికి జల్లెడైపోయింది, మార్చాను. డ్రయర్ బాటిల్ మార్చాను, బెల్టు మార్చాను. గ్యాస్ నింపాను. స్విచ్ వేస్తే ఏం వచ్చిందనుకున్నారు? బాజ్రా రొట్టెలు కాల్చుకునేటంత సెగ! అన్నీ కొత్తవే, ఒక్కటీ పనిచెయ్యడం లేదు. సేఠ్ గారి డ్రైవరు, "ఏసీ వేస్తే చెమట ఎక్కువ పడుతోంది, ఆపేస్తే హాయిగా ఉంది" అని బజారంతా చెప్పుకుని నవ్వుతున్నాడట.

నా పరువు సంగతి సరే, బోర్డు మీద మీ పేరు కూడా ఉంది. వెంటనే జవాబు రాయండి.

మీ
లూణా


పావటా, జోధ్‌పూర్,
23 మే 1993

చిరంజీవి లూణాకు ఆశీస్సులు.

బోర్డు మీద నా పేరు రాసే ముందు నన్నొక మాట అడగాలని తోచలేదురా నీకు? అడిగితే వద్దంటానని తెలుసు గనక అడగలేదు. సరే, రాశావు. ఇప్పుడు ఆ బోర్డు నాదే అయింది, దాని కింద నిలబడాల్సింది నేనే.

నీ చేతికి తొందరెక్కువ, బుర్రకు నిద్రెక్కువ. రోగం ఏమిటో తెలుసుకోకుండా మందులన్నీ మింగించావు. ఇప్పుడు నేను అడిగినవి ఒక్కొక్కటీ చూసి జవాబు రాయి.

కొత్త సామాను బిగించాక లోపలి గాలి అంతా పంపుతో లాగేశావా? ఎంతసేపు లాగావు? గంట లాగమని చెప్పాను. నువ్వు టీ తాగి వచ్చేంతసేపు లాగి ఉంటావు. రెండు గేజీల ముళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయి? కండెన్సర్ ముందున్న ఫ్యాను తిన్నగా తిరుగుతోందా, వైర్లు తలకిందులుగా కలిపి ఎదురు తిప్పుతున్నావా? (నవ్వకు, పోయిన ఏడు నా దగ్గర ఉన్నప్పుడు కలిపిన ఘనుడివి నువ్వే.) హీటరు కుళాయి కట్టి ఉందా, తెరిచి ఉందా? అది తెరిచి ఉంటే ఇంజను వేడినీళ్ళు లోపలికి పోతుంటాయి, ఒక చేత్తో చల్లబరుస్తూ ఇంకో చేత్తో కాస్తున్నట్టే. అన్నిటికన్నా ముందు ఎక్స్‌పాన్షన్ వాల్వు తోక చూడు. పెన్సిలంత లావున ఉంటుందే, ఆ తోక పైపుకు గట్టిగా ఆని, పైన గుడ్డ చుట్టి ఉండాలి. గాల్లో వేలాడుతుంటే దానికి లోపలి చలి ఏం తెలుస్తుంది పాపం, వాల్వును బార్లా తెరిచేస్తుంది.

లీకు ఉందేమోనని ఎట్లా చూశావు? సబ్బు నురగతోనా? నురగ కంటికి కనిపించే చోటికే పనికొస్తుంది. కనిపించని చోటికి దీపం ఉండాలి. మన స్పిరిట్ దీపం గుర్తుందిగా, దాని రబ్బరు గొట్టం కొసను జాయింట్ల మీదుగా పోనిస్తూ ఉంటే, ఫ్రియాన్ గ్యాస్ తగిలిన చోట మంట పచ్చగా మారుతుంది. ఈసారి వచ్చినప్పుడు నీకూ ఒకటి ఇస్తాను. ఇప్పుడున్నది నాకు ముక్కుతో సమానం. అసలు ముక్కు ఎప్పుడో పోయింది. ముప్పై ఏళ్ళ నశ్యం తినేసింది దాన్ని. మొన్న పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మితే కూడా నేను పేపరు చదువుతూ కూర్చున్నానట. "ఈ మనిషికి ముఖం మధ్యలో ఉన్నది ముక్కు కాదు, కొక్కెం" అంటోంది మీ అక్క.

ఇంకొక మాట. గ్యాస్ నింపాక వాల్వుకు ఎర్రదారం కడుతున్నావా? రెండు చుట్లు, ఒక ముడి. నేనే నింపాను, నిప్పంటుకోని ఫ్రియానే నింపాను, తప్పైతే నాది అని దాని అర్థం. దారం లేని బండి దగ్గర నేను దీపం వెలిగించనని నీకు తెలుసు. లోపల ఏముందో తెలియకుండా మంట పెట్టేవాడు మూర్ఖుడు. మా ఉస్తాద్‌కు కనుబొమలు ఎందుకు లేవో చిన్నప్పుడు నీకు పదిసార్లు చెప్పాను.

మీ అక్క కేర్ సాంగ్రీ పచ్చడి పంపుతానంటోంది, మనిషి దొరికితే.

నీ బావ
గేవర్‌రామ్


ఫలోదీ,
30 మే 1993

బావగారికి,

మీ కాళ్ళకు దండం. తోకే! గాల్లో వేలాడుతోంది, మీరు జోధ్‌పూర్‌లో కూర్చుని చూసినట్టే చెప్పారు. పైపుకు కట్టి, గుడ్డ చుట్టి, స్విచ్ వేశాను. చల్లగాలి జివ్వుమని వచ్చింది. సేఠ్ గారు కారులో కూర్చుని కళ్ళు మూసుకుని, "అబ్బ, ప్రాణం లేచొచ్చిందిరా" అన్నాడు. డ్రైవరు ముఖం చూడాలి మీరు.

ఈ సంబరం రెండు రోజులే. మూడో రోజు గాలి నులివెచ్చన. నాలుగో రోజు మళ్ళీ కొలిమి. గేజీల ముళ్ళు రెండూ కింద పడి ఉన్నాయి. గ్యాస్ ఎక్కడికో పోతోంది. ప్రతి జాయింటుకూ సబ్బు నురగ పూశాను, ఒక్క బుడగ లేదు. మళ్ళీ నింపాను, మళ్ళీ పోయింది. నా దగ్గరున్న ఫ్రియాన్ సిలిండరు ఖాళీ అయింది బావా. ఇక్కడ ఎవరి దగ్గరా లేదు.

నిన్న సేఠ్ గారి పెద్దామె, అంటే కోడలి అత్తగారు, స్వయంగా షాపుకు వచ్చింది. ముసుగు లోంచే, "నాయనా, మొదటి కాన్పుకు మా ఆడపడుచు ఈ దారిలోనే ఎండకు సోలి ప్రాణం విడిచింది. నేను పక్కనే ఉన్నాను. నువ్వు ఎట్లాగైనా చెయ్యి" అంది. సరేనని తల ఊపాను. రాత్రంతా ఆ మాటే చెవిలో తిరిగింది. ఏం చెయ్యమంటారో త్వరగా రాయండి.

లూణా


జోధ్‌పూర్,
5 జూన్ 1993

లూణా,

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నీ దొంగ ఇంట్లోనే ఉన్నాడు. కంటికి కనిపించేవన్నీ మార్చావు, కనిపించనిది వదిలేశావు. డాష్‌బోర్డు వెనక, కారు లోపలే, కూలింగ్ కాయిల్ ఒకటి ఉంటుంది. పాతదే ఉంచావు కదూ? కంప్రెసర్ కొత్తది, దాని దమ్ము కొత్తది. ఆ దమ్ముకు పాత కాయిల్ ఎక్కడో సూది మొనంత చిల్లు పడి ఉంటుంది. బయట ఎన్ని జాయింట్లకు నురగ పూస్తే ఏం లాభం? గ్యాస్ కారు లోపలికి, మనుషులు కూర్చునే చోటికి పోతోంది.

డాష్‌బోర్డు మొత్తం విప్పాలి. నీకు నాలుగు రోజుల పని, నాకైతే ఒక పూట. కాయిల్ నేను పంపుతాను. ఫ్రియాన్ నా దగ్గరా అడుగంటింది, ఇరవయ్యో తేదీకి వస్తుంది. వచ్చిన రోజే నీకు బస్సులో వేస్తాను. జులై మొదటికి ఇంకా బోలెడు టైముంది. సేఠ్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పు. "నేను కాయిల్ చూడలేదు, నాది పొరపాటు" అను. ఈ ఒక్క మాటకు పళ్ళేం రాలవు. మెకానిక్‌కు పరువు పని తెలిసినందువల్ల రాదురా, తెలియనిది తెలియదని చెప్పినందువల్ల వస్తుంది.

నీకు ఈ మాట కష్టమని నాకు తెలుసు. పన్నెండేళ్ళప్పుడు నా గేజీ పగలగొట్టి, దాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టి, మూడు నెలలు నాతో కళ్ళు కలపకుండా తిరిగావు. గేజీ పోయినందుకు నేను బాధపడలేదు.

ఆగు. ఇరవై దాకా ఆగు.

గేవర్‌రామ్


ఫలోదీ,
14 జూన్ 1993

బావగారికి,

శుభవార్త. కారు బాగైంది. సిమ్లా అనుకోండి! గాలి తగిలితే పళ్ళు కొట్టుకుంటున్నాయి. గ్యాస్ దొరికింది, మీరు పంపనక్కర్లేదు. కాయిల్ కూడా వద్దు. సేఠ్ గారు బజార్లో అందరి ముందూ నా భుజం తట్టారు. దారం కట్టాను.

పని తొందరలో ఉన్నాను. మా ఆవిడ కూడా రుసరుసలాడుతోంది, వారం నుంచి కట్టెల పొయ్యి మీద వంట. గ్యాస్ సిలిండర్ ముందే అయిపోయిందని ఆమె గోల. ఆడవాళ్ళ సంగతి మీకు తెలుసు కదా.

లూణా


జోధ్‌పూర్,
19 జూన్ 1993

లూణా,

సంతోషం. కానీ నీ ఉత్తరం ఇంత చిన్నదేమిటిరా? మంచి కబురైతే నాలుగు పేజీలు రాసేవాడివి. సేఠ్ ఏ భుజం తట్టాడు, ఎవరెవరు చూశారు, డ్రైవరు ముఖం ఎట్లా మాడింది, అన్నీ రాసేవాడివి. పది లైన్లకు ఆగిపోయావంటే పెట్టెలో మళ్ళీ ఏదో పగిలిన గేజీ ఉందనిపిస్తోంది.

మూడు మాటలు అడుగుతాను. కాయిల్ విప్పావా, లేదా? విప్పకపోతే లీకు ఏమైంది? గ్యాస్ ఎక్కడ దొరికింది? ఇక్కడ జోధ్‌పూర్‌లో నాకు దొరకనిది ఫలోదీలో నీకెట్లా దొరికింది?

నామీద కోపం తెచ్చుకోకు. కడుపుతో ఉన్న పిల్ల కూర్చునే బండి గనక అడుగుతున్నాను. మీ అక్క కూడా అడుగుతోంది, "తమ్ముడు ఎందుకట్లా పొడిపొడిగా రాశాడు?" అని.

బావ


ఫలోదీ,
26 జూన్ 1993

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మనసు నొచ్చుకుంది. నేనింకా పన్నెండేళ్ళవాడినే అనుకుంటున్నారు. పనిలో పడి నాలుగు మాటలు రాయలేదు, అంతే.

ఢిల్లీ నుంచి జైసల్మేర్ పోయే లారీ డ్రైవరు ఒకడు, పంజాబీ, టీ కొట్టు దగ్గర కలిశాడు. అతని దగ్గర చిన్న ఫ్రియాన్ సిలిండర్ ఉంది. అదృష్టం అనుకోండి. కాయిల్ విప్పాను, చిల్లు చిన్నదే, అతికించాను. ఇంకేమన్నా అడగాలా?

షాపుకు ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు. తహసీల్దారు జీపు కూడా నాకే ఇస్తామన్నారు. సేఠ్ గారి కారులో వట్టివేళ్ల అత్తరు సీసా ఒకటి గాలి వచ్చే జాలీకి కట్టాను, లోపలంతా ఘుమఘుమ. గొప్పవాళ్ళ కార్లలో ఇప్పుడు ఇదే పద్ధతి. అద్దాలు కొంచెం దించి పొమ్మని చెప్పాను. బీడీ మాత్రం కారులో ముట్టించొద్దని ఒట్టు పెట్టించుకున్నాను, పొగకు కాయిల్ పాడవుతుందని. పెద్దాయన గొణిగాడు గానీ మాట విన్నాడు.

ఈసారి వానలు ముందే వచ్చేట్టున్నాయి. రాత్రిళ్ళు ఉక్క. నిద్ర పట్టడం లేదు.

లూణా


జోధ్‌పూర్,
2 జులై 1993, శుక్రవారం

నా లూణాకు,

ఈ ఉత్తరం మొదట నీకు క్షమాపణ చెప్పుకోవడానికి రాస్తున్నాను. నవ్వకు. పెద్దవాడు చిన్నవాడికి చెప్పకూడదని ఎక్కడా లేదు. నిన్ను అనుమానించాను. నువ్వు లారీ డ్రైవరు సంగతి రాశాక కూడా నమ్మలేదు, ఆ మాట మీ అక్కతో అన్నాను. అది రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు నమ్మకం కుదిరింది. ఎట్లా అంటావా? సేఠ్ కారు నా షాపులోనే ఉంది!

బుధవారం వచ్చారు. కోడలు దారిలో ఏ ఇబ్బందీ పడలేదట. నిన్న తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. మంగళవారం ఇంటికి పంపుతామన్నారట. సేఠ్ నా దగ్గరికి మావా కచోరీల మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చి, "మీ శిష్యుడు నా కోడల్ని కాపాడాడు" అన్నాడు. నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. బీడీ సంగతి చెప్పి నవ్వాడు. పొగకు కాయిల్ పాడవుతుందన్న ముక్క నాకే తట్టలేదురా ఇన్నేళ్ళు.

చల్లదనం మాత్రం రెండు రోజుల నుంచి తగ్గుతోందట. "పసిగుడ్డును తీసుకెళ్ళాలి, ఒకసారి చూడండి" అన్నాడు. గేజీ పెట్టాను, గ్యాస్ సగానికి పడింది. నువ్వు అతికించిన చోట మళ్ళీ వదులైనట్టుంది. అదేం పెద్ద తప్పు కాదు, అల్యూమినియం అతుకు నాకూ రెండుసార్లు ఊడింది. సేఠ్‌తో నీ మీద మాట పడనివ్వనులే, సామాను దోషం అని చెబుతాను. ఫ్రియాన్ వచ్చింది, కొత్త కాయిల్ కూడా నా దగ్గరే ఉంది.

బానెట్ ఎత్తగానే ముందు వాల్వు చూశాను. ఎర్రదారం. రెండు చుట్లు, ఒక ముడి, కొస ఎడమ వైపుకు. నీ ముడే. ఎడమచేతివాడివి కదా, వెయ్యి ముళ్ళలో గుర్తుపడతాను. ఒక్క నిమిషం దాన్ని పట్టుకుని నిలబడ్డాను. ఇన్ని అనుమానాలు పడ్డ నన్ను నేనే తిట్టుకున్నాను.

రేపూ ఎల్లుండీ వేరే బండి పని ఉంది. సోమవారం సాయంత్రం, ఎండ తగ్గాక, డాష్‌బోర్డు విప్పి దీపం పెట్టి చూస్తాను. చిల్లు ఒక్కటేనో, ఇంకా ఉన్నాయో తేలిపోతుంది.

ఇక్కడ మొన్నటి గాలివానకు స్తంభాలు పడి మా బజారు ఫోన్లన్నీ మూగబోయాయి. నువ్వే ఒకసారి రా. మీ అక్క కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తోంది.

నీ బావ
గేవర్‌రామ్


ఫలోదీ,
5 జులై 1993, సోమవారం, పగలు పదకొండున్నర

బావా,

దీపం వెలిగించకండి. కారులో ఫ్రియాన్ లేదు. వంట గ్యాస్ ఉంది.

మీ ఉత్తరం ఇప్పుడే, అరగంట కింద అందింది. ఫోన్ చేశాను, మీ పక్కన టైర్ల షాపు నంబరుకు, లైను కలవడం లేదు. టెలిగ్రాం ఇచ్చాను. "ఎప్పటికి చేరుతుంది?" అంటే, "అక్కడ లైన్లు పడిపోయాయి, ఎప్పుడని చెప్పమంటావయ్యా?" అన్నాడు తపాలా గుమస్తా. అందుకే ఈ ఉత్తరం పన్నెండున్నర బస్సు కండక్టర్ చేతికి ఇస్తున్నాను. నాలుగున్నరకు మీకు అందుతుంది. ఎండ తగ్గాక అన్నారు కదా, అందుతుంది.

లారీ డ్రైవరు సంగతి నిజమే, కానీ అతని దగ్గర సిలిండరేమీ లేదు. టీ తాగుతూ, "మా వైపు వంట గ్యాసే నింపుతారు, ఇంకా చల్లగా ఉంటుంది" అన్నాడు. ఆ మాటే పట్టుకున్నాను. ఇంట్లో పొయ్యి కింది సిలిండర్ తెచ్చి నింపాను. నిజంగానే చల్లబడింది బావా, నేనే ఆశ్చర్యపోయాను. కాయిల్ విప్పలేదు. అతికించాననడం అబద్ధం. చల్లదనం తగ్గినప్పుడల్లా అదే గ్యాస్ మళ్ళీ ఎక్కించాను. కారులో వాసన వస్తుంటే అత్తరు కట్టాను. బీడీ వద్దన్నది అందుకే.

దారం కట్టకూడదనే అనుకున్నాను. ఒట్టు. చేతిలోకే తీసుకోలేదు. సేఠ్ పక్కన నిలబడి ఉన్నాడు, "మీ ఉస్తాద్ శిష్యులు పని అయ్యాక ఎర్రదారం కడతారటగా, నాకు కట్టవా?" అన్నాడు. నలుగురూ చూస్తున్నారు. కట్టేశాను.

జూన్ పద్నాలుగు నుంచి ప్రతి రోజూ మీకు రాయాలనుకున్నాను. రెండు సార్లు రాసి చింపేశాను. ఆ పిల్ల క్షేమంగా చేరిందని తెలిస్తే చాలు, తర్వాత ఏదో సాకు చెప్పి కారు వెనక్కి తెప్పించి అంతా తీసేద్దామనుకున్నాను. మీ దగ్గరికి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

మీరు క్షమాపణ అడిగారు. అది చదివాక నాకు మిమ్మల్ని చూసే ముఖం లేదు. అందుకే నేను రాలేకపోతున్నాను. రెండు రోజుల్లో మనసు కూడగట్టుకుని వస్తాను. మీరు ఎంత కొట్టినా పడతాను.

కారు అద్దాలన్నీ తెరవండి. దగ్గర్లో ఎవర్నీ అగ్గిపుల్ల గీయనివ్వకండి. దీపం వద్దు బావా. దీపం వద్దు.

లూణా


జోధ్‌పూర్,
11 జులై 1993

తమ్ముడు లూణాకు,

ఝమ్కూ రాస్తున్నది. నేను అయిదో క్లాసు దాకానే చదివానని నీకు తెలుసు, తప్పులుంటే దిద్దుకో. ఇకనుంచి ఈ ఇంట్లో రాయడమైనా చదవడమైనా నేనే చెయ్యాలి.

మీ బావ బతికే ఉన్నారు. రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. ముఖం కాలింది. ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను కట్టు పదిహేను రోజులకు విప్పుతారట, చూపు ఉంటుందో లేదో అప్పటిదాకా చెప్పలేమన్నారు. సేఠ్ కోడలూ పసిబిడ్డా వేరే బండిలో ఇల్లు చేరారు. మర్నాడు ఆ కారులో కూర్చోవాల్సింది వాళ్ళే.

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చిందని అనుకుంటున్నావేమో. లేదు. సరిగ్గా నాలుగున్నరకే వచ్చింది. అప్పుడు నేను షాపులోనే ఉన్నాను, టీ ఇవ్వడానికి వెళ్ళాను. ఆయన డాష్‌బోర్డు విప్పేసి, కారులో వెల్లకిలా పడుకుని ఉన్నారు. కండక్టర్ వచ్చి, "ఫలోదీ నుంచి మీ బావమరిది ఇమ్మన్నాడు" అని కవరు నా చేతికిచ్చాడు. అర్జెంటని చెప్పలేదు. నువ్వు అతనితో అనలేదట, నేను తర్వాత అడిగాను. "ఎవరి దగ్గర్నుంచే?" అన్నారు ఈయన లోపల్నుంచే. "లూణా" అన్నాను. ఎంత సంతోషం వేసిందో ఆ గొంతుకు! "క్షమాపణ అందినట్టుంది వెధవకి. నా చేతులకు గ్రీజు ఉంది, గూట్లో పెట్టు. పని కాగానే టీ తాగుతూ తీరిగ్గా చదువుకుంటాను" అన్నారు. నశ్యం డబ్బా కింద పెట్టి ఇంటికి బయల్దేరాను.

ఇంకొకటి కూడా రాస్తాను, దాచుకుంటే నాకు నిద్ర పట్టదు. కారు దగ్గర వట్టివేళ్ల వాసన గుప్పుమంటోంది. దాని వెనక ఇంకో వాసన ఉంది. నాకు తెలిసిన వాసనే. వంటింట్లోంచి వచ్చాను కదా, నా చీరకే అంటుకుందేమో అనుకున్నాను. ఆయన ముక్కు సంగతి నీకు తెలుసు. నా ముక్కు బాగానే ఉంది. ఒక్క మాట అని ఉంటే సరిపోయేది.

బజారు మలుపు తిరిగానో లేదో, వెనక భగ్గుమంది. టైర్ల షాపతను కాళ్ళు పట్టి బయటికి లాగాడు. నీ టెలిగ్రాం మర్నాడు మధ్యాహ్నం వచ్చింది.

మంట గూటి దాకా రాలేదు. అందులోంచి తీసుకెళ్ళి ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో నీ ఉత్తరం విప్పాను. ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆయనకు చెప్పలేదు. పోలీసులు వచ్చి అడిగితే, "దీపంలో స్పిరిట్ ఎక్కువ పోసుకున్నాను, నా తప్పే" అని చెప్పారు. "కారులో ఏ గ్యాస్ ఉంది?" అని వాళ్ళు అడిగితే, "ఫ్రియానే. దారం నా కళ్ళతో చూశాను, మావాడి ముడి" అన్నారు. కట్ల కింద నుంచి ఆ మాట ఎంత ధీమాగా అన్నారో నువ్వు వినాల్సింది.

మూడో రోజు మెలకువ రాగానే అడిగారు, "ఆ రోజు లూణా ఏం రాశాడే?" అని. "అందరూ క్షేమమేనట, మీ ఉత్తరం చూసి ఏడ్చాడట, త్వరలో వస్తాడట" అన్నాను. కాలిన పెదవులతో నవ్వారు. "నేననుకున్నదే" అన్నారు. అప్పట్నుంచి రోజూ, "ఆ ఉత్తరం ఇంకోసారి చదవవే" అంటున్నారు. నేను కాగితం చేత్తో పట్టుకుని, అందులో లేని మాటలు చదువుతున్నాను. నిన్న చదివింది ఇవాళ తప్పుతోంది. "నిన్న ఇట్లా లేదే!" అన్నారు పొద్దున.

నిన్ను నేను ఎత్తుకుని పెంచాను లూణా. కోపం ఉందా అంటే ఉంది. నువ్వు వంట గ్యాస్ నింపినందుకు అంత లేదు. భయపడ్డావు, నింపావు. కానీ ఉత్తరం ఎక్కిన బస్సులో నువ్వెందుకు ఎక్కలేదురా? అదే బస్సు, అదే టైము. ఉత్తరం గూట్లో పడుకుంది. నువ్వు దిగి ఉంటే బజారు మొదట్లోంచే అరుచుకుంటూ వచ్చేవాడివి. నిన్ను కొడతారని భయపడ్డావా? ఈ చేతులతో ఇప్పుడు ఆయన నశ్యం కూడా తీసుకోలేరు.

నాకు ఇక ఉత్తరాలు రాయకు. నేను చదవను. నీ ఉత్తరం నా దగ్గరే ఉంది, నువ్వే వచ్చి ఆయన మంచం పక్కన కూర్చుని, మొదటి అక్షరం నుంచి చివరి దాకా పైకి చదువు. అంతవరకు నేను ఆ అబద్ధమే చదువుతూ ఉంటాను, ఆయన పట్టుకునేదాకా.

దారం ముక్క ఈ కవర్లో పెడుతున్నాను. సగం కాలింది. ముడి మాత్రం ఊడలేదు.

ఫలోదీ నుంచి పన్నెండున్నర బస్సు రోజూ వస్తోంది. కండక్టర్ కూడా అతనే.

మీ అక్క
ఝమ్కూ